ఎడారిదారులలో మోటారు యాత్ర

నైలునది లోయను విడిచి పడమటి దిక్కునకు పోవువానికి పచ్చనిదేదియు కంటబడదు. కొంత దూరము గులకరాళ్ళ నేల, కొంత దూరము సున్నపురాతి మిట్టలు, ఆపైన ఇసుక. సివా అను ఒయాసిస్సునకు దక్షిణమున ఆ ఇసుక అలలవలె లేచి, ఈజిప్టు, లిబియా దేశముల సరిహద్దునకు ఇరువైపుల వేలకొలది చదరపు మైళ్ళు వ్యాపించియున్నది. దానికి మహా ఇసుక సముద్రమని పేరు. అందలి దిబ్బలు కొన్ని నూరు మీటర్లకు మించిన ఎత్తు కలవి. 1874లో రోల్ఫ్స్ అను జర్మను యాత్రికుడు ఒంటెలతో దానిని అడ్డముగా దాటబోయెను. ఒక వరుస దాటిన మరియొక వరుస ఎదురగుచుండుటచే ఆతడు ఆ యత్నము మాని, దిబ్బల నడిమి దారినిబట్టి ఉత్తరముగా నడచి సివా చేరుకొనెను. ఒంటెయే దాటలేని తావును మోటారుబండి దాటునని నమ్మినవారు ఆ తరువాత చాలకాలము వరకు అరుదు.

1926లో రాల్ఫ్ బాగ్నాల్డ్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి కైరో నగరమునకు వచ్చెను. ఆతడు ఇంజనీరు. దేనినైనను విప్పి చూచి, లెక్కవేసి, మరల బిగించు స్వభావము కలవాడు. ఆతడును కొందరు మిత్రులును సెలవు దినములలో ఫోర్డు కార్లు తీసికొని ఎడారిలోనికి పోవుచుండిరి. మొదట సినాయి, పిమ్మట సివా. ఇట్లు దగ్గరి తావులతో ఆరంభించి, 1929, 1930, 1932 సంవత్సరములలో పటములో ఖాళీగానున్న ప్రదేశములకు పోసాగిరి. వీరికి ప్రభుత్వ ధనసహాయము లేదు. ఖర్చు ఎవరిది వారిదే. సెలవు ముగియునాటికి ఉద్యోగమునకు తిరిగిరావలెను. కనుక వారి యాత్ర విలాసయాత్రయే యైనను, దాని సన్నాహము మాత్రము విలాసముగా సాగలేదు.

బండ్లు కొన్నంతమాత్రమున యాత్ర సిద్ధమైనట్లు కాదు. ఇల్లలుకగానే పండుగ యగునా? ఎడారియాత్రలో సగము పని కాగితముమీదనే జరుగును. ఒక లెక్క చూడుడు. నాలుగు బండ్లలో ఎనమండుగురు ఇరువది దినములు, 1600 కిలోమీటర్లు తిరిగిరాదలచిరనుకొందము. గట్టినేలపై లీటరు పెట్రోలుకు 5 కిలోమీటర్లు నడచు బండి మెత్తని ఇసుకలో రెండున్నరయే నడచుననుకొందము. దారి సగము గట్టినేల, సగము ఇసుక యైనచో ఒక్కొక్క బండికి 480 లీటర్లు కావలెను. దారి తప్పుటకును, వెనుకకు మరలుటకును అందులో నాలుగవ వంతు అదనముగా ఉంచుకొన్న 600 లీటర్లగును. దాని బరువు ఇంచుమించు 450 కిలోగ్రాములు. ఇక నీరు. మనిషికి దినమునకు మూడున్నర లీటర్ల చొప్పున, ఇద్దరికి ఇరువది దినములకు 140 లీటర్లు. నీటి విషయమున సాహసము పనికిరాదు గనుక సగము అదనముగా చేర్చిన 210 లీటర్లు, అనగా 210 కిలోగ్రాములు. దీనిపై తిండి, పరుపులు, పనిముట్లు, విడిభాగములు, ఇద్దరు మనుష్యులు. ఆనాటి తేలిక ఫోర్డుబండి మోయగల బరువు కాదిది.

బండ్ల సంఖ్య పెంచిన చాలదా యని తోచును. కాని ప్రతి బండియు తనకు కావలసిన పెట్రోలును తానే త్రాగును. దానిలోని మనుష్యులు తమ నీటిని తామే త్రాగుదురు. నాలుగు బండ్లకు తీరని చిక్కు నలువది బండ్లకును తీరదు. దూరము పెరిగినకొలది సరకు పెరుగును. సరకు పెరిగినకొలది బండి ఇసుకలో దిగబడును. దిగబడినకొలది పెట్రోలు కాలును. ఈ చిక్కును విప్పుటకు దారియందు ముందే నిల్వలు ఏర్పరచుకొనవలెను. ఇసుక సముద్రపు తూర్పు అంచున ఐన్ దల్లా అను ఊట కలదు. అట్టి తావునకు ముందొక మారు పెట్రోలు చేరవేసి దాచి, మరల బయలుదేరి వచ్చినవారు అచ్చటినుండి నిండు డబ్బాలతో ముందుకు సాగగలరు. ఆనాటి రేకుడబ్బాలు పలుచనివి. బండి కుదుపులకు అతుకులు విడి పెట్రోలు కారిపోవుచుండెడిది. కనుక లెక్కలో కారిపోవు పెట్రోలును కూడ చేర్చుకొనవలసివచ్చెడిది!

బండ్లన్నియు ఒకే రకమువి కావలెననుట మరియొక నియమము. అప్పుడు ఒక ఇరుసు, ఒక స్ప్రింగు అందరికిని పనికివచ్చును. ఒక బండి పూర్తిగా చెడినచో దాని అవయవములు తక్కినవానిని బ్రతికించును. దాని మనుష్యులు తక్కిన బండ్లలో ఎక్కుదురు. అందుచేతనే ఎడారిలోనికి ఒంటిబండితో పోరాదు. బండ్ల బరువు తగ్గించుటకై పైకప్పులు, అద్దములు మొదలగు అలంకారములను ఊడదీసి, తేలిక చెక్కపెట్టెలను అమర్చుకొనిరి.

ఎండలో ఇసుకదారిని నడచు బండికి మనిషికన్న ఎక్కువ దాహము. ఇంజనును చల్లబరచు రేడియేటరులోని నీరు మరిగి, ఆవిరియై గొట్టముద్వారా బయటకు పోవుచుండును. త్రాగవలసిన నీటిని దానిలో పోయుచుండిన మనుష్యుల గతి ఏమి? ఎసరు మరుగుచున్న గిన్నెపై మూతపెట్టిన, ఆవిరి ఆ మూతకు తగిలి చల్లబడి నీటిబొట్లగును గదా! బాగ్నాల్డ్ బృందము ఈ ధర్మమునే వాడుకొనెను. రేడియేటరు గొట్టమును మూసి, ఆవిరిని మరియొక గొట్టముద్వారా బండిప్రక్కన బిగించిన డబ్బాలోనికి పంపిరి. ఆ డబ్బాలో సగమువరకు చన్నీరుండెను. ఆవిరి ఆ నీటిలో కలిసి మరల నీరగును. డబ్బాలోని నీరు కూడ మరుగజొచ్చినపుడు బండిని గాలికెదురుగా త్రిప్పి నిలుపుదురు. ఒకటి రెండు నిమిషములలో రేడియేటరు చల్లబడి, లోపల ఏర్పడిన శూన్యము డబ్బాలోని నీటిని గడగడమని వెనుకకు పీల్చుకొనును. ఒక్క చుక్కయు వృథా కాదు. ఇంత సులువైన ఉపాయము వందలకొలది మైళ్ళ దారిని తెరచెనన్న ఆశ్చర్యము కలుగక మానదు.

ఇక ఇసుక. నదియిసుకలో ఎడ్లబండి దిగబడినపుడు చక్రముల క్రింద కొమ్మలు, రెమ్మలు పరచుట మన పల్లెలలోని వారెరుగుదురు. ఎడారిలో కొమ్మ యెక్కడిది? కైరోలోని పాతసామానుల దుకాణములో బాగ్నాల్డ్‌కు కొన్ని గట్టి ఉక్కు తొట్టెపట్టీలు దొరికినవి. అవి మొదటి ప్రపంచయుద్ధ కాలమున నేలమాళిగలకు కప్పుగా వేయుటకై చేసినవి. సుమారు ఐదడుగుల పొడవు. దిగబడిన బండి వెనుకచక్రముల ముందు ఇసుకను చేతులతో తీసి, ఈ పట్టీలను చొప్పించి, బండిని కదల్చుచు అందరును వెనుకనుండి త్రోసెడివారు. టైర్లలో గాలి తగ్గించిన అవి వెడల్పై, ఒంటెపాదమువలె బరువును ఎక్కువ చోటికి పంచును. మరల గట్టినేల వచ్చినపుడు గాలి నింపుకొనవలెను. కనుక పంపు మరువరాదు. ముందు బండి చక్రములు ఇసుకపైనున్న గట్టి పొరను చీల్చిపోవును. అందుచే వెనుక బండి అదే జాడలో రాక, ప్రక్కన తన జాడను తాను చేసికొనవలెను.

దిబ్బ నెక్కుట అన్నిటికన్న కష్టము. మెల్లగా పోయిన బండి సగములో ఆగిపోవును. బాగ్నాల్డ్ ఒకనాడు ఎదుట గోడవలె నిలిచిన దిబ్బపైకి గంటకు 40 మైళ్ళ వేగముతో బండిని నడపెను. ప్రక్కన కూర్చున్నవాని గుండె ఎట్లు కొట్టుకొనెనో ఊహింపవచ్చును. బండి కూలలేదు, దిగబడలేదు. నున్నగా పైకి లేచి శిఖరమున నిలిచెను. గాలికెదురుగానున్న ప్రక్క ఇసుక గట్టిగా అణగియుండునని, వేగమే అచ్చట రక్షణయని నాడు తెలిసెను. కాని ఆ వేగము శిఖరమువరకే. గాలిమరుగు ప్రక్క వాలు 33 డిగ్రీల వంతున ఏటవాలుగా జారిపోవును. నడినెత్తిన ఎండ కాయుచుండగా ఇసుకపై నీడలుండవు గనుక, అంచు ఎచ్చట ముగియునో కంటికి తెలియదు. శిఖరమున బండి నాపి, దిగి, నడచి చూచి, పిమ్మట నేరుగా దిగువకు పోవలెను. ఈ నియమమును మరచినవారి బండ్లు తలక్రిందులైనవి.

దిక్కు తెలియుట ఎట్లు? సాధారణమగు దిక్సూచి బండియందలి ఇనుమువలన తప్పు చూపును. ప్రతి మారు బండి నాపి, దూరముగా నడచిపోయి దిక్కు చూచుట ఓపికగలవారికిని సాధ్యము కాదు. బాగ్నాల్డ్ సూర్యదిక్సూచిని మెరుగుపరచి బండిముందు బిగించెను. డిగ్రీలు గీసిన గుండ్రని పలక, నడుమ నిలువుసూది. సూదినీడ పలకపై ఏ గీతను తాకవలెనో చూచుకొనుచు నడపుటయే. సూర్యుడు కదలినకొలది పట్టికను చూచి పలకను త్రిప్పుచుండవలెను. పోయిన దూరమును మీటరునుబట్టి, దిక్కును నీడనుబట్టి వ్రాసికొని పటముపై గుర్తించెడివారు. రాత్రి థియొడొలైటుతో నక్షత్రములను, రేడియో సంకేతములతో కాలమును చూచి పగటి లెక్కను సరిదిద్దుకొనెడివారు. ఆ బృందములో కెన్నడీ షా ఈ విద్యయందు నేర్పరి. అందరును నిదురించుచుండ ఆతడు దీపపు వెలుతురున లెక్కలు కట్టుకొనుచుండెడివాడు.

ఈ లెక్క తప్పినచో ఏమగునో ఆ ఎడారిలోనే జరిగిన ఒక సంఘటన తెలుపును. 1942 మే 4వ తేదీన దక్షిణాఫ్రికా వైమానికదళమునకు చెందిన మూడు విమానములు కుఫ్రా ఒయాసిస్సునుండి పండ్రెండుగురితో బయలుదేరి దిక్కు తప్పినవి. మూడును క్షేమముగానే నేలకు దిగినవి. మనుష్యులకు గాయములు లేవు.  ఉన్న నీరు మాత్రము కొద్ది. వెదకవచ్చినవారికి ఒక్కడే ప్రాణములతో చిక్కెను. పదునొకండుగురు దాహముచే మరణించిరి.

గుంపుగా పోవుటలో ధైర్యమున్నది గాని, గుంపు చెదరిన అది ఒంటరితనముకన్న చెడ్డది. ముందు పోవువాడు వెనుకవానికొరకు వెదకును. వెనుకవాడు ముందువాడు పోయెనని తొందరపడును. అందుచే బయలుదేరక మునుపే వరుస నిర్ణయింపవలెను. దారి చూపువాని బండి ముందు, యంత్రములను బాగుచేయువాని బండి అందరికన్న వెనుక. ఎవని బండి చెడినను అతడు ఆగినచోటనే ఉండును. బాగుచేయువాడు వెనుకనుండి వచ్చి చేరును. ప్రతివాడు తన ముందు బండినే గాక వెనుక బండిని గూడ కనిపెట్టియుండవలెను. వెనుకబండి కనబడనిచో ఆగవలెను. గుంపువేగము అందరికన్న మెల్లని బండి వేగమే. దారి తప్పినవాడు బండిని విడిచి నడువరాదు; వెదకువారికి మనిషికన్న బండి సులువుగా కనబడును. బయలుదేరిన తావున, తిరిగివచ్చు దినమును, పోవు దారిని వ్రాసి ఒకరికి అప్పగింపవలెను. నేటి యాత్రికులచేత ఉపగ్రహ సంకేతములతో దారి చూపు పరికరములున్నవి. వారును ఈ కాగితమును వ్రాసియే పోదురు. బ్యాటరీ అయిపోయిన పరికరమునకు కాగితమంత విలువ లేదు.

1939లో బాగ్నాల్డ్ ఎక్కిన ఓడ మధ్యధరా సముద్రమున మరియొక ఓడను తాకి చెడగా, తూర్పు ఆఫ్రికాకు పోవలసిన ఆతడు ఈజిప్టున దిగెను. మరుసటి సంవత్సరము ఇటలీ యుద్ధమునకు దిగినది. ఎడారిలో శత్రువు వెనుకభాగమునకు పోగల చిన్న దళము కావలెనని ఆతడు సేనాధిపతి వేవెల్‌కు విన్నవించెను. ఆరు వారములలో దళము సిద్ధము కావలెనని ఆజ్ఞ యయ్యెను. లారీలు కొనుట, న్యూజిలాండు సైనికులను ఎన్నుకొనుట, పటములు, సూర్యదిక్సూచులు, ఉక్కుపట్టీలు, నీటిడబ్బాలు, ఇన్నియు ఆరు వారములలో! నీటి వంతు మనిషికి దినమునకు ఆరు పింట్లు, అనగా సుమారు మూడున్నర లీటర్లు. టీ నీరు కూడ అందులోనిదే. పదేండ్ల క్రితము స్నేహితులు సెలవులలో వ్రాసికొన్న పట్టికలే ఆ దళమునకు శాసనములైనవి. లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అని దానికి పేరు.

ఇసుకను గాలి ఎట్లు మోయునో, దిబ్బ ఎట్లు పెరుగునో తెలిసికొనవలెనను కోరిక ఆ యాత్రలలోనే బాగ్నాల్డ్‌కు కలిగెను. ఇంగ్లండులో గాలిసొరంగము నిర్మించి ప్రయోగములు చేసి 1941లో గ్రంథము ప్రకటించెను. 1990లో తన 94వ యేట మరణించెను. అంగారక గ్రహముపై తిరుగు క్యూరియాసిటీ బండి 2015లో చేరిన నల్లని ఇసుకదిబ్బలకు శాస్త్రజ్ఞులు ఆతని పేరే పెట్టిరి. అంతకు పూర్వము అదే గ్రహముపై స్పిరిట్ అను మరియొక బండి 2009లో మెత్తని మట్టిలో దిగబడెను. భూమిమీది ఇంజనీర్లు ప్రయోగశాలలో అట్టి మన్నునే పరచి, అట్టి బండినే అందులో దించి, నెలలకొలది ఉపాయములు వెదకిరి. కాని అచ్చట ఉక్కుపట్టీ వేయుటకును, వెనుకనుండి త్రోయుటకును రెండవ బండి లేదు. 2010 మార్చి తరువాత దానినుండి సంకేతములు రాలేదు.