పాటను విప్పి చూద్దాం

పాట విని ఆనందించటానికి చదువు అక్కర్లేదు. ఊయలలో బిడ్డ కూడా జోలపాట విని నిద్రపోతుంది. కాని ఆ పాట ఎలా తయారైందో తెలుసుకోవాలంటే కొంత శ్రద్ధ కావాలి. తెలుగు క్లాసులో పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకుంటాం. కెమిస్ట్రీ ప్రాక్టికల్సులో చిటికెడు ఉప్పు ఇచ్చి అందులో ఏమేమున్నాయో తేల్చమంటారు. మరి పొద్దున లేచింది మొదలు చెవిలో మోగే పాటకు ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు? ఆ మర్యాద చేస్తున్న ఒక కార్యక్రమాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చెయ్యటం ఈ వ్యాసం ఉద్దేశం.

దాని పేరు ‘సాంగ్ ఎక్స్‌ప్లోడర్’. ఇదొక పాడ్‌కాస్ట్. అంటే రేడియో ప్రోగ్రాం వంటిదే గాని, టైము చూసుకుని కాచుక్కూర్చోనక్కర్లేదు. ఫోనులో ఎప్పుడంటే అప్పుడు వినొచ్చు. భారతీయ తల్లిదండ్రులకు పుట్టిన అమెరికన్ సంగీతకారుడు హృషీకేశ్ హిర్వే 2014 జనవరిలో దీన్ని ప్రారంభించారు. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో ఇదే పేరుతో దృశ్యరూపంలో కూడా వచ్చింది.

పద్ధతి చాలా సరళం. ఒక సంగీతకారుణ్ణి పిలుస్తారు. ఆయన చేసిన ఒకే ఒక పాట తీసుకుంటారు. ఈ రోజుల్లో రికార్డింగులో గొంతు, గిటారు, డ్రమ్ములు దేనికది వేరే ట్రాకులో ఉంటాయి గదా! ఆ ట్రాకుల్ని ఒక్కొక్కటిగా విడదీసి వినిపిస్తూ, ఏది ఎందుకు వచ్చిందో ఆయన చేతనే చెప్పిస్తారు. అడిగేవారి ప్రశ్నలు దాదాపు వినపడవు, ఎడిటింగులో తీసేస్తారు. ముక్కలన్నీ పరిచయమయ్యాక చివర పాట మొత్తం వినిపిస్తారు. అంతకు ముందు వందసార్లు విన్న పాటే అయినా, ఆ చివరిసారి కొత్తగా వినపడుతుంది.

ఉదాహరణకు ‘ఆర్.ఇ.ఎమ్.’ అనే బృందం సంగతి చూద్దాం. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్ళో 1980లో పుట్టిన బృందమిది. వారి ‘లూజింగ్ మై రెలిజియన్’ అనే పాట 1991లో దేశదేశాల్లో మోగింది. నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమంలో ఈ పాటనే విప్పి చూపించారు. గిటారు వాయించే పీటర్ బక్ కొత్తగా మాండలిన్ కొనుక్కుని, టీవీ చూస్తూ, పక్కన టేపు రికార్డరు పెట్టుకుని సాధన చేస్తున్నారు. తర్వాత ఆ టేపు వింటుంటే, తడబాటు వాయింపుల మధ్య ఒక చిన్న వరుస బాగున్నట్టు తోచింది. అదే పాటకు ప్రాణమయ్యింది. పేరు చూసి ఇదేదో మతం గొడవ అనుకుంటాం. కాదు. అమెరికా దక్షిణాది వాడుకలో అది ఓర్పు నశించిపోవటానికి చెప్పే నానుడి. పాట నిజానికి ఎదుటివారికి చెప్పుకోలేని ప్రేమ గురించి. ఈ రెండు సంగతులూ తెలిశాక ఆ పాట మునుపటిలా వినటం సాధ్యమా?

ఇంగ్లీషు పాటల మాటలు మనకు పట్టుబడవేమోనని సంకోచించేవారు రామిన్ జవాదీ భాగంతో మొదలుపెట్టవచ్చు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్‌కు ఆయన కూర్చిన ప్రారంభ సంగీతంలో మాటలే లేవు. చెల్లో అనే తీగవాద్యం ముందు నడుస్తుంది.

“వడ్డించింది తినక వంటింట్లోకి తొంగిచూడటం దేనికయ్యా?” అని కొందరనవచ్చు. నిజమే, తినేవాడికి అక్కర్లేదు. వండటం నేర్చుకోదలచినవాడికి అక్కరే. పాట పుట్టటం పూర్వజన్మ సుకృతమని, మనవల్ల కాదని చేతులు ముడుచుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. కొట్టివేతలు, తిరగరాతలు, అనుకోకుండా దొరికిన వరుసలు వింటే ఆ భయం కొంత వదులుతుంది.

ఇక మన పాటల సంగతి. పాత తెలుగు సినిమా పాటల్ని ఇలా విప్పటం కుదరదు. మద్రాసు స్టూడియోల్లో చాలాకాలం గాయకులు, వాద్యబృందం ఒక్కచోట చేరి ఒక్కసారిగా పాట ముగించేవారు. ఎవరు తప్పినా అందరూ మళ్ళీ మొదటినుంచి! విడదీయటానికి అక్కడ ట్రాకులే లేవు. ఆ పాట చేసినవారి జ్ఞాపకాల్లో మాత్రమే ఆ పొరలు ఉన్నాయి.

‘శంకరాభరణం’ (1980) తీసుకోండి. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారి మాతృభాష తెలుగు కాదు. అయినా ముందు సాహిత్యం చేతికిస్తే దానికి బాణీ కట్టటం ఆయన పద్ధతి. మాట ఎక్కడ విరగాలో, ఎక్కడ సాగాలో ఎలా పసిగట్టేవారు? చెప్పవలసిన మహదేవన్ గారు 2001లో వెళ్ళిపోయారు. పాటలు వ్రాసిన వేటూరి 2010లో, పాడిన బాలు 2020లో, వాణీ జయరాం, దర్శకుడు విశ్వనాథ్ 2023లో గతించారు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో బాలు గారు పాట పాటకూ మధ్య రికార్డింగు ముచ్చట్లు చెబుతూ కొంత మిగిల్చిపోయారు. మిగతాది వారితోనే పోయింది.

అందుచేత ఈ కార్యక్రమం విని ఊరుకుంటే చాలదు. మన ఊళ్ళలో హరిదాసులున్నారు, బుర్రకథ దళాలున్నాయి, నాటకాల హార్మోనిస్టులున్నారు, పెళ్ళి బాండుమేళం వాళ్ళున్నారు. వారి అనుమతితో, చేతిలో ఉన్న ఫోనుతోనే రికార్డు చెయ్యవచ్చు. నియమాలు నాలుగే. ఒక మనిషి, ఒకే పాట. “మీకెలా అనిపించింది?” అని గాక “మొదట ఏం చేశారు? ఏది వద్దని తీసేశారు?” అని అడగాలి. మన ప్రసంగం తగ్గించుకోవాలి. చివర పాట పూర్తిగా పాడించుకోవాలి.

వేసవి సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క పాట తెచ్చినా, వచ్చే ఏటికి మన లైబ్రరీలో ఒక బీరువా నిండుతుంది. ఆ పెద్దల వయస్సు దృష్ట్యా, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టటం మంచిది.