బదనిక కాని బదనిక

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తమిళంలో ఎవరినైనా ‘పుల్లురువి’ అంటే తిట్టినట్టే, ఒకరి మీద పడి తినేవాళ్ళని అర్థం. తెలుగులో ఆ మొక్క పేరు బదనిక. అది కొమ్మలోకి వేరు దించి చెట్టు నీళ్ళే తాగుతుంది.

కానీ చెట్ల మీద పెరిగే ఒక ఆర్కిడ్‌ని కూడా మన పెద్దలు బదనికే అన్నారు. పాపం, అది చెట్టుని అడిగేది కూర్చోడానికి చోటు ఒక్కటే! గాల్లో వేలాడే దాని వేళ్ళకి తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది. వాన పడగానే అదే నీళ్ళు పీలుస్తుంది.

సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ 1795లో కోరమండల్ మొక్కల పుస్తకంలో దీన్ని ఎపిడెండ్రం టెస్సలేటం అన్నాడు. ఎపిడెండ్రం అంటే గ్రీకులో ‘చెట్టు మీద’ అని. చెట్టెక్కిన ఆర్కిడ్లు చాలావరకు అప్పుడు ఆ పేరు కిందే ఉండేవి. తర్వాత పూవు నిర్మాణం చూసి వేరు చేశారు. ఇప్పటి పేరు వాండా టెస్సలేటా. టెస్సలేటా అంటే గళ్ళున్నది. రేకులు అచ్చం గళ్ళ చీరే. వాండా మాత్రం సంస్కృత ‘వందాక’ నుంచి వచ్చింది, అంటే మళ్ళీ బదనికే!

నిజానికి ఇవి చుట్టాలే కావు: ఆర్కిడ్ ఏకదళబీజం, బదనిక ద్విదళబీజం. కొమ్మ దగ్గర చూడండి. వేరు బెరడు పైనే అంటుకుని ఉంటే ఆర్కిడ్. కొమ్మలోకి దిగి, అతుకు దగ్గర ఉబ్బి ఉంటే బదనిక.