రూటర్‌లో ఫర్మ్‌వేర్ ఎప్పుడు మార్చాలి?

ఇప్పుడు మన ఊళ్ళలో కూడా చాలా ఇళ్ళకు ఫైబర్ కనెక్షన్లు వచ్చాయి. గోడకు తగిలించిన ఆ పెట్టెను అందరూ "వైఫై డబ్బా" అంటారు. దాని లైటు ఎర్రగా వెలిగితే ఇంట్లో చదువుకున్నవాళ్ళం మనమే కాబట్టి మనల్నే పిలుస్తారు. అందుకే హాస్టల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ విషయం కొంచెం వివరంగా చెప్పదలచాము.

రూటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. దానిని నడిపించే ప్రోగ్రాము ఫ్లాష్ మెమరీ అనే చిప్‌లో ఉంటుంది. దానినే ఫర్మ్‌వేర్ అంటారు. అందులో లోపాలు బయటపడినప్పుడు తయారీ సంస్థ సరిచేసిన ఫైలును విడుదల చేస్తుంది.

"బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం?" అని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్న తీసిపారేయదగినది కాదు. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు చిప్‌లోని పాతది చెరిపి కొత్తది రాస్తారు. ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే సగం రాసిన ప్రోగ్రాముతో రూటర్ మళ్ళీ లేవకపోవచ్చు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకో, స్కాలర్‌షిప్ దరఖాస్తుకో రేపే ఆఖరు తేదీ అయితే ఈ రాత్రి ఆ పని పెట్టుకోరాదు. ఒక ఏడాది చదువు దాని మీద ఆధారపడి ఉంటుంది.

అలాగని ఎప్పటికీ వదిలేయడమూ ప్రమాదమే. 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారుల రూటర్లు సుమారు 9 లక్షలు దాడి వల్ల దెబ్బతిన్నాయి. ఆ సంస్థ సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చి, రూటర్ ప్లగ్ తీసి మళ్ళీ పెట్టమని జనానికి చెప్పవలసి వచ్చింది. 2018 మే నెలలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ అనే దుష్ట ప్రోగ్రాము 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లో చేరింది. దాని మొదటి భాగం రూటర్‌ను ఆపి మళ్ళీ వేసినా పోయేది కాదు. అందులోని ఒక భాగం మొత్తం రూటర్‌నే పనికిరాకుండా చేయగలిగేది.

మన దేశంలో 2017 జూలైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములపై దాడి జరిగింది. కంపెనీ ఇచ్చిన "అడ్మిన్" అనే పాస్‌వర్డును మార్చకుండా ఉంచినవే ఎక్కువగా చిక్కాయి. ఎంత కొత్త ఫర్మ్‌వేర్ వేసినా ఆ పాస్‌వర్డు అలాగే ఉంటే తలుపుకు తాళం వేసి చెవి గుమ్మంలో పెట్టినట్లే.

కావున నిర్ణయం ఆ ఫైలు ఎందుకు వచ్చింది అన్నదానిపై ఉండాలి. ఫైలుతో పాటు విడుదల వివరాలు ఇస్తారు, ముందు అవి చదవాలి. భద్రతా లోపం సరిచేశామని ఉంటే రెండు మూడు రోజుల్లోనే వేయాలి. ఆ లోపంతో దాడులు మొదలయ్యాయని తెలిస్తే ఆ రోజే మంచిది. కొత్త సౌకర్యాలు మాత్రమే చేర్చి ఉంటే రెండు మూడు వారాలు ఆగినా నష్టం లేదు. ఈలోగా అందులో తప్పులుంటే ఇతరుల వద్ద బయటపడతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. కనెక్షన్ ఇచ్చిన సంస్థ పెట్టిన పెట్టెకు ఫర్మ్‌వేర్‌ను చాలాసార్లు ఆ సంస్థే తన ఆఫీసు నుండి మారుస్తుంది. అటువంటి దానిలో తయారీ కంపెనీ వెబ్‌సైటు నుండి తెచ్చిన ఫైలు వేయరాదు. మనం కొన్న రూటరైతే అడుగున ఉన్న చీటీలో మోడల్ పేరుతో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూడాలి. ఒకే మోడల్‌లో వీ1, వీ2 అని ఉంటే దేని ఫైలు దానికే.

వేసే రోజున యూజర్‌నేమ్, పాస్‌వర్డు, సెట్టింగులు నోటుబుక్కులో రాసుకోవాలి. వైఫైతో కాక కేబుల్‌తో కంప్యూటర్‌ను కలపాలి. కరెంటు కోత లేని వేళ చూసుకోవాలి, చిన్న యూపీఎస్ ఉంటే ఇంకా మేలు. అది తిరిగి మొదలయ్యేదాకా ఎవరూ స్విచ్ ముట్టకూడదని ఇంట్లో ముందే చెప్పాలి. మా అనుభవంలో ఇదే అన్నిటికన్నా కష్టం!

కొన్నేళ్ళ తర్వాత తయారీ సంస్థ ఆ మోడల్‌కు ఫైళ్ళు ఇవ్వడం మానేస్తుంది. అప్పుడు ఎదురుచూసి లాభం లేదు. కొత్తది కొనేదాకా బయటి నుండి రూటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపి ఉంచాలి.