రంగు వెలిసిన ఫొటోకు వెల ఎంత?

విద్యార్థులారా, తరుగుదల అనగానే కామర్సు చదివేవారికి యంత్రాలు, ఫర్నిచరు గుర్తుకొస్తాయి. ఫొటోకూ తరుగుదల ఉంటుందని నాకు మా ఇంటి గోడ నేర్పింది.

2001లో మా బ్రాంచి సిబ్బంది అందరం దిగిన ఫొటోను స్టూడియోవారు ఇంక్‌జెట్ ప్రింటరు మీద తీసి ఇచ్చారు. బళ్ళారి ఎండ సంగతి మీకు తెలిసిందే. మూడేళ్ళలో మా ముఖాలన్నీ నారింజ రంగుకు తిరిగాయి. పక్కనే ఉన్న మా నాన్నగారి 1958 నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటో మాత్రం చెక్కుచెదరలేదు. అది కాగితంలో ఇమిడిన వెండి రేణువుల బొమ్మ.

తేడా ఇంకులో ఉంది. డై ఇంకులో రంగు నీటిలో పంచదారలా కరిగిపోయి ఉంటుంది. వెలుతురుకు, గాలిలోని ఓజోనుకు త్వరగా లొంగుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నని పొడి రేణువులుగా ఉండి చాలాకాలం నిలుస్తుంది.

కళారంగంలో ఈ గొడవ ముందే వచ్చింది. 1991లో గాయకుడు గ్రాహం నాష్ కాలిఫోర్నియాలో ఐరిస్ ప్రింటర్లతో కళాచిత్రాలు అచ్చువేసే సంస్థ ప్రారంభించారు. ఆ యంత్రం అచ్చాఫీసులో ప్రూఫులు చూసుకోవడానికి చేసినది, రంగు నిలవాలన్న ఆలోచనే లేదు. ఇంక్‌జెట్ అంటే చౌకగా వినిపిస్తుందని జాక్ డుగాన్ దానికి ‘జిక్లే’ అనే ఫ్రెంచి పేరు తగిలించారు. పేరు మారిస్తే రంగు నిలుస్తుందా! హెన్రీ విల్‌హెల్మ్ వంటివారు ప్రింట్లను తీవ్రమైన వెలుతురులో ఉంచి ఆయుష్షు లెక్కగట్టారు. 2000 తరువాత పిగ్మెంట్ ఇంకు ప్రింటర్లు వ్యాపించాకే కొనేవారికి ధైర్యం వచ్చింది. అయితే వందేళ్ళు అన్నది అంచనాయే, వందేళ్ళు ఎవరూ ఆగి చూడలేదు.

రంగు నిలిస్తే చాలా? విలియం ఎగల్‌స్టన్ అమెరికాలో పేరుపొందిన కలర్ ఫొటోగ్రాఫరు. ఆయన పాత చిత్రాలు డై ట్రాన్స్‌ఫర్ అనే ఖరీదైన పద్ధతిలో, కొద్ది కాపీలే ఉండేవి. 2012 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్‌లో ఆయనవి 36 పెద్ద పిగ్మెంట్ ఇంక్‌జెట్ ప్రింట్లు వేలం వేస్తే సుమారు 59 లక్షల డాలర్లు వచ్చాయి. మూడు చక్రాల సైకిలు బొమ్మ ఒక్కటే 5,78,500 డాలర్లు! పాత కాపీలు కొని దాచుకున్న జొనాథన్ సోబెల్, తన ఆస్తి విలువ పడిపోయిందని కోర్టుకెక్కారు. కొత్తవి వేరే ఎడిషన్ అని 2013లో కోర్టు కేసు కొట్టేసింది. చట్టం అలా ఉన్నా, ఆయన బాధ నాకు అర్థమైంది. షేర్లు కొన్నవారికి కంపెనీ మళ్ళీ షేర్లు జారీ చేసినట్లే కదా.

అందుకే మీలో ఫొటోలు అమ్మాలనుకునేవారు ఇంకు, కాగితం, కాపీల సంఖ్య, మళ్ళీ మరో సైజులో వేస్తారా లేదా అన్నది బిల్లు మీదే రాసివ్వండి. కొనేవారు అడిగి రాయించుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పాత ఫొటోలకు కొత్త ప్రింటు తీయించి అసలువి పారేస్తున్నారు. మా నాన్నగారి ఫొటో స్కాన్ చేయించి పిగ్మెంట్ ప్రింటు గోడకు పెట్టాను. అసలుది బీరువాలో ఉంది.