ఇచ్చే ముందు వాట్లు చూద్దాం

హాస్టల్ పిల్లలకు చలికాలంలో వేడినీళ్లు దొరకాలని గీజరు కొనిద్దామనుకుంటాం. ధర అడుగుతాం, గ్యారంటీ అడుగుతాం. దాని మీద అంటించిన పట్టీని మాత్రం చదవం. ‘230 వోల్టులు, 2000 వాట్లు’ అని అక్కడ రాసి ఉంటుంది. ఈ అంకెలు అర్థమైతే మనమిచ్చే వస్తువు పిల్లలకు క్షేమమో కాదో ముందే తెలుస్తుంది.

మేడ మీది నీళ్ల ట్యాంకును ఊహించుకుందాం. ట్యాంకు ఎత్తు వల్ల నీటికి వచ్చే ఒత్తిడి లాంటిది వోల్టు. పైపులో పారే ధార లాంటిది ఆంపియర్. పైపు సన్నదైతే ధారకు కలిగే అడ్డంకి లాంటిది ఓమ్. వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. జర్మనీ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమిదే.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. అంటే మన గీజరు 2000ను 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. గోడకుండే చిన్న సాకెట్ తట్టుకునేది 6 ఆంపియర్లే. ధార రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. పైతొడుగు కరిగి మంటలు లేవవచ్చు. కాబట్టి గీజరుతో పాటు 16 ఆంపియర్ల సాకెట్, తగినంత లావు రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆంపియరులో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోయినా ప్రాణాపాయమే. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని బోర్డులో పెట్టించడం అందుకే తప్పనిసరి అనుకోవాలి.

ఇక బిల్లు సంగతి. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. 75 వాట్ల ఫ్యాన్లు 20, రోజుకు 10 గంటలు తిరిగితే 15 యూనిట్లు కాలుతుంది. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లయితే 6 యూనిట్లే. 30 రోజులకు 270 యూనిట్లు మిగులుతాయి. కొనేటప్పుడు ధర కాస్త ఎక్కువైనా, ఆ మిగులు నెలనెలా పిల్లల భోజనానికి, పుస్తకాలకు చేరుతుంది.

వస్తువు మనం ఒక్కసారే ఇస్తాం. దాని బిల్లు సంస్థ ఏళ్ల తరబడి కడుతుంది. దాని పక్కనే పిల్లలు నిద్రపోతారు. అందుకే ఇకనుంచి దుకాణంలో ధర అడిగే ముందు పట్టీ చదువుదాం. ఇంటికి రాగానే మన సాకెట్లూ ఒకసారి చూసుకుందాం.