నగర శ్రామికుడికి సామాజిక రక్షణ: అందేదెంత? అందనిదెంత?

కొన్నేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతిలో లెక్కలు చకచకా చేసే కుర్రాడొకడు పది రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్లి చూశాను. తాపీ పని చేసే తండ్రి మూడో అంతస్తు పరంజా మీది నుంచి పడి, నడుము విరిగి మంచంలో ఉన్నాడు. కుర్రాడు మెకానిక్ షెడ్డులో చేరిపోయాడు. "నాన్న లేచేదాకానే సార్" అన్నాడు. వీధివాళ్లం చందాలు వేసుకుని ఆసుపత్రి ఖర్చులకు ఇచ్చాం. మంచి పని చేశామనే అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఇరవై ఏళ్లుగా భవనాలు కడుతున్న ఆ మనిషి పేరు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో లేనే లేదని. ఆ మండలి ఒకటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చదువుకున్న నేనూ చెప్పలేదు.

సామాజిక రక్షణ అంటే ఏమిటి?

జబ్బు, ప్రమాదం, ప్రసవం, పని పోవడం, ముసలితనం, సంపాదించే మనిషి మరణం. ఇవి ఏ ఇంటికైనా వస్తాయి. అవి వచ్చినప్పుడు ఇల్లు కూలిపోకుండా సమాజం ముందే చేసి పెట్టే ఏర్పాటే సామాజిక రక్షణ. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం వంటి స్థితుల్లో పౌరులకు ప్రభుత్వం తన శక్తి మేరకు సాయపడాలని మన రాజ్యాంగంలోని 41వ అధికరణం చెబుతోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లోనే 102వ ఒప్పందం ద్వారా తొమ్మిది రకాల రక్షణలను పేర్కొంది.

నగరంలో చిక్కు ఎక్కడ?

మన దేశంలో రక్షణ ఎక్కువగా రెండు ద్వారాల గుండా వస్తుంది. ఒకటి యజమాని, రెండోది చిరునామా. నగరపు పేదకు ఈ రెండూ నిలకడగా ఉండవు.

మొదటి ద్వారం చూద్దాం. 1948 నాటి చట్టంతో వచ్చిన ఈఎస్ఐ పథకం చాలా మేలైనది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం తీసుకుని, కార్మికుడికీ కుటుంబానికీ వైద్యం చేయిస్తుంది. అర్హత ఉన్నవారు జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తుంది. అయితే సాధారణంగా పదిమంది, ఆపైన పనిచేసే చోటికే ఇది తప్పనిసరి. భవిష్య నిధికి ఇరవై మంది ఉండాలి. ఆరుగురు పనిచేసే బేకరీ, నలుగురు కూర్చునే టైలర్ షాపు ఈ లెక్కలోకి రావు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు రారు. ఆటో నడిపేవాడికి, తోపుడు బండి వాడికి అసలు యజమానే లేడు.

ఇక చిరునామా. 2013 ఆహార భద్రతా చట్టం దేశం మొత్తం మీద గ్రామీణుల్లో 75 శాతం వరకు, పట్టణవాసుల్లో 50 శాతం వరకు వర్తించేలా రూపొందింది. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం గ్రామాలకే పరిమితమైంది. పల్లెలో పని లేక పట్నం వచ్చినవాడికి ఇక్కడ పని పోతే ఆ హామీ లేదు. ఏడాదికో అద్దె గది మారే కుటుంబానికి ప్రతి కాగితమూ ఒక పరీక్షే. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానం వచ్చాక బియ్యం విషయంలో మాత్రం ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

ఉన్నవి ఎందుకు అందడం లేదు?

చట్టంలోని ఖాళీలు పూడ్చాల్సింది ప్రభుత్వాలు. పేరు నమోదు కాకపోవడం వల్ల పోయేదాన్ని మాత్రం మనం ఆపగలం.

1996 చట్టాలతో వచ్చిన విధానం ప్రకారం పెద్ద భవనాల నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు వసూలవుతోంది. అది కార్మికుల సంక్షేమానికే. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గత పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు సభ్యులు కావచ్చు. సభ్యత్వాన్ని గడువు దాటకుండా పునరుద్ధరించుకోవాలి. ఇది ఎవరో వేసే భిక్ష కాదు, వారి చెమట మీద పోగైన సొమ్ము.

2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఇప్పుడు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు ఇస్తారు. బ్యాంకు ఆ సొమ్ము తీసుకునే వేళకు ఖాతాలో 20 రూపాయలు లేకపోతే రక్షణ ఆగిపోతుంది. బీమా విషయంలో సందేహం ఉన్నవారు తాము నమ్మే ధార్మిక పండితులను అడిగి నిర్ణయించుకోవచ్చు.

2021లో వచ్చిన ఈ-శ్రమ్‌లో 30 కోట్ల మందికి పైగా అసంఘటిత కార్మికులు చేరారు. అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ కార్డు గుర్తింపు మాత్రమే. అది చేతిలో ఉన్నంత మాత్రాన పింఛను రాదు, వేరే పథకాల్లో వేరుగా చేరాల్సిందే.

మనం చేయగలిగింది

జుమా నమాజు తర్వాత మసీదు బయట ఒక బల్ల, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు చాలు. వచ్చినవారి ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉందా, నామినీ పేరు రాశారా, సభ్యత్వం గడువు ఎప్పుడు తీరుతుంది అని చూసి ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఏ మతం వారు వచ్చినా రాయాలి. దుకాణాలు, కార్ఖానాలు నడిపే సోదరులకు మరో విన్నపం. మీ దగ్గర పదిమంది పనిచేస్తుంటే వారిని ఈఎస్ఐలో చేర్చడం మీ దయ కాదు, చట్టం మీ మీద పెట్టిన బాధ్యత. పండక్కి ఇచ్చే బట్టలు దీనికి బదులు కావు.

ఆ తాపీ మేస్త్రీ ఆరు నెలలకు లేచాడు కానీ బరువు పని చేయలేకపోయాడు. కుర్రాడు మళ్లీ బడికి రాలేదు. మన చందాలు ఆసుపత్రి ఖర్చుకు అక్కరకు వచ్చాయి, అతని చదువు దాకా చేరలేదు.

ఇంటి పని

ఈ వారం మీ ఇంటికో, దుకాణానికో పనికి వచ్చే ఒక్క మనిషిని ఈ మూడు ప్రశ్నలు అడగండి.
1. నీ పేరు ఏ పథకంలోనైనా ఉందా?
2. దాని గడువు ఎప్పటిదాకా ఉంది?
3. నీకేమైనా అయితే ఆ సొమ్ము ఎవరికి రావాలో రాయించావా?

జవాబు "తెలియదు" అయితే, అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి రాయించి రండి.