వదలడం తెలిసిన బంధం

1. గట్టి బంధమే మంచి బంధం కాదు.

ప్రయోగశాలలో చేరిన కొత్తలో, పాలిమర్ గొలుసులను విడిపోకుండా ముడివేయడమే మా విద్య అనుకునేవాణ్ణి. గంధకంతో ముడిపడిన రబ్బరు తెగితే కరిగించి అతకలేం. అదే గొలుసుల కొసలకు లైగాండ్లు, అంటే లోహ అయాన్‌ను పట్టుకునే సమూహాలు, అమర్చి, జింక్ అయాన్ కలిపితే అది రెండు కొసలనూ పట్టుకుంటుంది. వేడికి పట్టు సడలుతుంది, చల్లారాక మళ్ళీ బిగుస్తుంది. ఇలాంటి బంధాలకు ఆల్ఫ్రెడ్ వెర్నర్ 1893లోనే సిద్ధాంతం చెప్పాడు. పరీక్షల కోసం చదివి పక్కన పెట్టేశాను. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తుంది.

2. పాలిమర్ స్పందించిందంటే, దేనికి స్పందించిందో తేల్చుకోవాలి.

స్టువర్ట్ రోవాన్, క్రిస్టోఫ్ వేడర్ బృందాలు 2011లో అలాంటి లోహ బంధాలున్న ఒక పాలిమర్ పొర మీది గీతను అతినీలలోహిత కాంతితో మాన్పాయి. నిమిషం కాంతి చాలింది. అయితే అక్కడ పని చేసింది వేడి: లోహం, లైగాండ్ ఉన్న చోటు కాంతిని పీల్చి వేడెక్కింది, బంధాలు సడలి పదార్థం గీతలోకి పారింది.

3. అయాన్‌ను ఎవరు లాక్కుంటారో ముందే చూసుకోవాలి.

సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను కాల్షియం అయాన్లు జెల్‌గా నిలబెడతాయి. నా విద్యార్థిని చేసిన అలాంటి జెల్ బఫర్ ద్రావణంలో రాత్రికి రాత్రే చెదిరిపోయింది. తెల్లవారి ఆమె పనితనాన్నే తప్పుపట్టాను. బఫర్‌లోని ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసిందని, ఆ స్థానంలో సోడియం చేరిందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అప్పటికే ఆమె ఆ పని వదిలేసింది. నా అనుభవంలో ఇంతకన్నా ఖరీదైన పాఠం లేదు. ఎందుకంటే మేం చూసింది లోపం కాదు, ఆ పదార్థపు అసలు గుణం. సిట్రేట్‌తో కాల్షియాన్ని కావాలనే తీసేసి, ఆల్జినేట్‌లో పెంచిన జీవకణాలను బతికుండగానే బయటికి తీస్తారు.

4. ద్రావణాన్ని వదిలేసి బంధాన్ని గురించి మాట్లాడకూడదు.

సముద్రపు ఆల్చిప్పలు రాళ్ళను పట్టుకునే దారాల్లో లైగాండ్లుగా కెటకాల్ సమూహాలు, వాటితో ఇనుము అయాన్లు ఉంటాయి. ప్రయోగశాలలో అదే జంటను ఆమ్ల ద్రావణంలో ఉంచితే ఒక్కో ఇనుముకు ఒకే కెటకాల్ అంటుకుంటుంది. క్షారం పెరిగేకొద్దీ రెండు, ఆపై మూడు చేరతాయి. రంగు కూడా ఆకుపచ్చ నుంచి ఊదాకు, ఎరుపుకు మారుతుంది. కనుక మీ నోటుపుస్తకంలో జెల్ బలం రాసే ముందు పీహెచ్, లవణాలు, ఉష్ణోగ్రత రాయండి. మీ దగ్గర పనిచేసే పిల్లల జెల్ చెదిరితే, వాళ్ళను అడిగే ముందు ఆ పేజీ చదవండి.